నేను ఆపించిన నాలుగు మాత్రలు

మొన్న పన్ను పీకించుకుందామని పోతే, డాక్టరమ్మ నన్ను నోరు తెరవమనకముందే, రక్తం పలచబడే మాత్రలేమైనా వేసుకుంటున్నారా అని అడిగింది. రెండేళ్లుగా వేసుకుంటున్నానన్నాను. అయితే మీ గుండె డాక్టరుతో మాట్లాడాకే పన్ను ముట్టుకుంటాను, మీ అంతట మీరు మాత్ర ఆపొద్దు అంది.

ఎనభైల మొదట్లో, నగరిలో మగ్గం నేసే మా అన్నకు మదరాసులో గుండె కవాటం మార్చారు. కొత్త కవాటం దగ్గర రక్తం గడ్డకట్టకుండా బతికినన్నాళ్లూ ఆ మాత్ర వేసుకోవాలన్నారు. సాయంత్రం మగ్గం దిగగానే మాత్ర వేసుకుని, గోడమీది క్యాలెండరులో ఆ తేదీ మీద గీత గీసేవాడు అన్న. నెలనెలా రైల్లో పోయి రక్తం చూపించుకొచ్చేవాడు. మాత్ర పని చెడకుండా ఆకుకూర సైతం ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ కాకుండా తినేవాడు. నేను నవ్వేవాణ్ణి.

ఆపరేషను గట్టెక్కితే కొండమీద తలనీలాలిప్పిస్తానని మా అమ్మ మొక్కుకునింది. గడ్డానికి చిన్న గాటు పడినా ఒకపట్టాన నెత్తురాగని అన్నకు మంగలికత్తి అంటే భయం. నాలుగు రోజులు మాత్ర మానేస్తే సరి అని చెప్పింది నేనే.

"డాక్టరుకు ఒక కార్డు రాసి అడగరాదా అబ్బా" అంది వదిన.

"గుండు గీకించుకునేదానికి గూడా మదరాసు నుంచి ఉత్తరువు రావల్నా వదినా?" అన్నాను. అందరూ నవ్వారు, అన్న కూడా.

కొండమీద ఒక్క చుక్క నెత్తురు రాలేదు. "సూస్తివా అన్నా, నా మాట ఇంటే ఏమన్నా అయిందా?" అని తిరుపతికి దిగేదాకా గొప్పలు పోయాను. మర్నాడు మగ్గం దగ్గర నూలైపోయిన కండె మార్చబోతుంటే, పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె అన్న కుడిచేతిలోంచి జారిపడింది. తీసిస్తే మళ్లీ జారింది. ఏదో చెప్పబోయాడు, మాట ముద్దగా వచ్చింది.

నెత్తురు గడ్డ మెదడుకు ఎక్కిందన్నారు మదరాసులో. అన్న మరో తొమ్మిదేళ్లు బతికాడు గానీ మళ్లీ మగ్గమెక్కలేదు. ఎడమచేత్తో క్యాలెండరు మీద వంకర గీతలు గీసేవాడు. ఆ ఇంటికి పోయినప్పుడల్లా నేను ఆ గోడకు వీపు పెట్టి కూర్చునేవాణ్ణి.

నా మాత్ర సంగతి డాక్టరమ్మ ఫోనులో నిమిషంలో కనుక్కుంది. మన రోజుల్లో ఇవన్నీ యాడుండె అంటారు నా ఈడువాళ్లు. నేనూ తలూపుతాను. కానీ పోస్టాఫీసు ఉండింది, మా ఇంటికి నాలుగిళ్ల అవతల.