సగటు మొహం

రాళ్ళు పిండిచేసే మిల్లు కూలీల కోసం మాస్కులు తయారుచేసే చోట ఆయన అచ్చులు చెక్కేవాడు. అందరూ ఆయన్ని కొలతల బాబాయి అనేవాళ్ళు. ఎవరెదురైనా ముందు ముక్కూ దవడా చూసి, ఆ తర్వాతే పలకరించేవాడు. పెళ్ళిచూపుల్లోనూ అదే పని చేశాడని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ మాస్కులు కొండల నుంచి పనికి దిగివచ్చిన జాతివాళ్ళకు సరిపడేవి కావు. అచ్చేమో ఎక్కడో దూరదేశపు మనుషుల కొలతలతో చేసింది. వాళ్ళది నిటారు ముక్కు, కోల మొహం. వీళ్ళవి వెడల్పాటి చెంపలు, ముక్కు మొదట్లో పల్లం. ఆ పల్లం దగ్గర సందు మిగిలేది. అందులోంచి దుమ్ము దూరేది. ఒకరి వెనక ఒకరు దగ్గి దగ్గి పోయారు.

చివరికి యజమానుల్లో కదలిక వచ్చింది. బాబాయి మొహం కొలిచే పటకారులాంటి కాలిపర్స్ పట్టుకుని ఆ కూలీల వాడకు వెళ్ళి, గడపగడపా ఎక్కి, ఒప్పుకున్నవాళ్ళందరి మొహాలూ కొలిచాడు. అన్నిటికీ సగటు కట్టి కొత్త అచ్చుగా ఒక కర్ర తల చెక్కాడు.

కొత్త మాస్కు తొడుక్కుని చూసుకోవడానికి మొదట వచ్చిన కూలీ, బల్లమీది ఆ తలను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మా అన్న బొమ్మ నీకెక్కడిది బాబాయ్?"

ఆ అన్న పోయి ఏడాది దాటింది. బాబాయి నవ్వేశాడు. "మీ కొలతలే కదరా, పోలిక రాదూ?"

తర్వాత వచ్చినావిడ "మా ఆయన" అంది. ఇంకొకడు "నాన్న" అన్నాడు. బతికున్నవాళ్ళని ఒక్కరూ తలుచుకోలేదు. బాబాయి మొహంలో నవ్వు మాయమైంది. తను కొలిచింది ఉన్నవాళ్ళని. మరి పోయినవాళ్ళు ఎలా వచ్చారు?

"ఒక్క రక్తమన్నాక పోలికలుండవా? మీ చాదస్తం గానీ," అని కసిరింది భార్య. నిజమేననుకున్నాడు. అయినా ఆ తలవైపు వీపు పెట్టి కూర్చోలేకపోయాడు.

కొత్త మాస్కులు మొహాలకు అతికినట్టు సరిపోయాయి. వాడలో దగ్గులు తగ్గాయి. కొలత చూడ్డానికి బల్లమీది తలకు తొడిగిన మాస్కు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఒక మధ్యాహ్నం ఒక ముసలమ్మ వచ్చింది. మిల్లులో పనిచేసి పోయిన కూలీకి తల్లి. కర్ర బుగ్గ నిమిరి, బాబాయివైపు తిరిగింది.

"ఎన్నాళ్ళని మూతి బిగించి ఉంచుతావు నాయనా? వాడికి ఊపిరాడొద్దూ?"

బాబాయి లేచి వచ్చాడు. పట్టీ విప్పి మాస్కు తీశాడు. లోపలివైపు వేళ్ళకు తడి తగిలింది. ఉక్కపోతకేమో అనుకుని బయటివైపు తడిమాడు. పొడిగా ఉంది.

ముసలమ్మ కొంగుతో ఆ కర్ర మూతి తుడిచి, "ఇంక పర్లేదులే," అని వెళ్ళిపోయింది.

బాబాయి ఆ తలతో ఇంకా చాన్నాళ్ళు పనిచేశాడు. కొలత సరిచూసుకోగానే మాస్కు తీసేసేవాడు. ఎందుకని భార్య ఎంత గుచ్చి గుచ్చి అడిగినా, "ఎందుకైనా మంచిది," అనేవాడే తప్ప ఇంకో ముక్క చెప్పేవాడు కాదు.