నూట నలభై ఒకటో పేరు

ముంబైలోని కామాఠిపురా వైద్యచరిత్రను ఎవరైనా రాయదలిస్తే, పోశెట్టి జనం చేత నోళ్లు తెరిపించడం మొదలుపెట్టిన ఉదయానికి ప్రత్యేక అధ్యాయం కేటాయించక తప్పదు. మొండి క్షయకు వచ్చిన రెండు కొత్త మందుల్లో ఏది మేలో తేల్చే పరీక్ష కోసం ఆసుపత్రివాళ్లు అతన్ని పెట్టుకున్నారు. రోజూ గొడుగు చంకన పెట్టుకుని చాళ్లనే ఇరుకు గదుల మేడల మెట్లెక్కుతాడు. రోగి మాత్ర మింగాక "ఆఁ అను, నాలిక లేపు" అంటూ, సున్నం డబ్బా అడుగు గీకేవాడిలా బుగ్గల సందులన్నీ గాలిస్తాడు. "పెండ్లాం నోరు గూడ గిట్లనే జూస్తవా మామా?" అని ఆడవాళ్లు నవ్వితే తనూ నవ్వుతాడు. ఇంట్లో భార్య గంగవ్వకు పాత మందులు పనిచేయడం మానేసి నాలుగు నెలలైంది. పరీక్షలో చేర్చుకోమంటే, కావలసిన నూట నలభై మందీ నిండారన్నారు.

మొన్న రోగుల్లో బుచ్చయ్య అనే కూలీ రెండు రోజులు కనబడలేదు. పోశెట్టి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గంగవ్వను తీసుకెళ్లి పరీక్ష నడిపే, ఆంధ్ర నుంచి వచ్చిన డాక్టరమ్మ ముందు నిలబెట్టాడు.

"ఒకడు ఊరికి ఉరికిండమ్మా. చాళ్ల అద్దె ఖోలీ ఖాళీ అయితే ఇంకొకలకిస్తరు గద. ఈమెను రాసుకోండ్రి."

డాక్టరమ్మ కలానికి మూత పెట్టింది. "అలా కుదరదు పోశెట్టీ. తేడా తేలడానికి నూట ఇరవై మంది చాలు. పారిపోయేవాళ్లు ఉంటారనే ఇంకో ఇరవై మందిని ముందే ఎక్కువ తీసుకున్నాం. వాళ్లు పోతే చోటు ఖాళీ అయినట్టు కాదు."

"ఉరికెటోళ్లకు జాగ ఉంచిన్రు. ఉండెటోళ్లకు లేదా అమ్మా?"

ఆమె తర్వాతి రోగి కాగితం తీసింది. పోశెట్టి భార్యను ఇంటి దగ్గర దింపి, డ్యూటీ ప్రకారం బుచ్చయ్యను వెతకబోయాడు. బుచ్చయ్య గ్రాంట్ రోడ్ స్టేషన్ బయట దొరికాడు. పోశెట్టి అతని చేత మాత్ర మింగించి, "ఆఁ అను, నాలిక లేపు" అన్నాడు.