జయరాజు సారు నన్నెందుకు తీసేశారంటే

నేను లిఫ్టులు బాగుచేసే పనిలో ఉన్నాను. పోయిన నెల బహదూర్‌పల్లిలో కొత్తగా కట్టిన ఒక కాలనీలో పని ముగించుకుని, సంచి భుజాన వేసుకుని బయటికి వస్తుంటే గోడ అవతల నుంచి ఆ చప్పుడు వినిపించింది. వాలీబాల్‌ను అరచేత్తో బలంగా కొట్టినప్పుడు వచ్చే చప్పుడు. ఎన్నేళ్లయినా ఆడినవాడి చెవి దాన్ని మరిచిపోదు. అటు తిరిగేలోపే బంతి గోడ మూలకు తగిలి నా కాళ్ల దగ్గరికి దొర్లింది. తీసి విసిరాను. వేళ్ల చివర్లు చురుక్కుమన్నాయి. కోర్టు పక్కన బెంచీ మీద నలుగురు పెద్దమనుషులు కూర్చుని, ఆ పొడుగు కుర్రాణ్ని మధ్యలో ఎందుకు తీసేశారని వాదించుకుంటున్నారు. వాళ్ల దగ్గర నిలబడి కాసేపు విన్నాను. అదే వాదన మా ఊళ్లో ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంది. అక్కడ తీసేసిన పొడుగు కుర్రాణ్ని నేనే. తీసేసింది మా జయరాజు సారు.

మా ఊరు శామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే దారిలో ఉంటుంది. తొంభైల్లో రోడ్డుకు రెండు వైపులా అంగూరు తోటలే. మా బాపు ఆ తోటల్లో ద్రాక్ష తీగలు కత్తిరించే పనిచేసేవాడు. ఊళ్లో ఒక హైస్కూలు, దానికి ఒక వాలీబాల్ జట్టు. స్కూలు గేటుకు ఎదురుగా ఒక చాయ్ హోటల్ ఉండేది. ఆ హోటల్ బెంచీల మీద కూర్చునేవాళ్లు ఎప్పుడూ బంతి ముట్టినవాళ్లు కారు గానీ, ఆట గురించి వాళ్లకు తెలియనిది లేదు. ఎవడి సర్వీసు ఎందుకు నెట్‌కు తగిలింది, ఎవణ్ని వెనక నిలబెట్టాలి, సారు ఎక్కడ తప్పు చేశారు, అన్నీ చాయ్ చల్లారేలోగా తేల్చేసేవాళ్లు. అందరికీ పెద్ద అంజయ్య పటేలు. ఆయన ఆర్టీసీలో కండక్టరు. డ్యూటీ దిగితే ఇంటికి పోకుండా నేరుగా బెంచీ మీదికే వచ్చేవాడు. ఆయనకు కుడిభుజం మా బాపు. కొడుకు జట్టులో ఉన్నందుకు బాపు మాటకు బెంచీ మీద కొంచెం బరువు ఎక్కువ.

జయరాజు సారు మా డ్రిల్లు సారు. సన్నగా, నల్లగా ఉండేవారు. ఎండలో నిలబడీ నిలబడీ మెడ వెనక చర్మం ముడతలు పడిపోయింది. మా మీద ఒక్కనాడూ చెయ్యి చేసుకోలేదు, గొంతు కూడా పెంచలేదు. ఆయన మీద బెంచీ వాళ్లకున్న మొదటి ఫిర్యాదు, ఆదివారం పొద్దున ప్రాక్టీసు పెట్టరని. ఆ పూట ఆయన భార్యతో చర్చికి పోయేవారు. రెండో ఫిర్యాదు ఇంకా పెద్దది. ఆయన ప్రాక్టీసులో విజిల్ ఊదేవారు కాదు. విజిల్ జేబులోనే ఉండేది. బంతి ఎవడికి తగిలితే వాడే చెయ్యెత్తి “ముట్టింది” అనాలి. నెట్‌కు తగిలినా, గీత తొక్కినా అంతే. ఎవడూ చెయ్యెత్తకపోతే ఆట అక్కడే ఆగిపోయేది. సారు ఏమీ అడగకుండా ఆకాశం వైపు చూస్తూ నిలబడేవారు. చివరికి ఎవడో ఒకడు విసిగిపోయి చెయ్యెత్తేవాడు. అది చూసి అంజయ్య పటేలు నెత్తి కొట్టుకునేవాడు. అంపైరు చూడని తప్పును మనమెందుకు చూపించాలి, ఇది ఆటనా లేక పాపాలు ఒప్పుకునుడా అని ఆయన బాధ.

నాకు కూడా మొదట్లో అది పిచ్చిపనిలాగే ఉండేది. ఎనిమిదో తరగతిలో ఒకసారి గీత తొక్కి ఊరుకున్నాను. సారు ఆకాశం చూడటం మొదలుపెట్టారు. నేనూ మొండిగా నిలబడ్డాను. గంట కొట్టేదాకా అట్లాగే నడిచింది. పోతూ పోతూ ఆయన నా పక్కకు వచ్చి, రేపు మళ్లీ ఇక్కణ్నించే మొదలుపెడదాం అన్నారు. మర్నాడు నిజంగానే అక్కణ్నించే మొదలుపెట్టారు, నేను చెయ్యెత్తాను. ఆయన మెచ్చుకోలేదు, తిట్టలేదు, బంతి నా చేతికిచ్చి సర్వీసు చెయ్యమన్నారు. ఆ రోజు నుంచి ఆయనంటే నాకు ప్రాణం. రెండేళ్లలో నన్ను నెట్ దగ్గర నిలబెట్టదగినవాణ్ని చేశారు.

పదో తరగతిలో ఉన్నప్పుడు స్కూళ్ల పోటీల్లో మేము ఫైనల్‌కు వచ్చాము. మేడ్చల్ గ్రౌండులో మేడ్చల్ జట్టుతోనే ఆట. మా ఊరి నుంచి మూడు ట్రాక్టర్ల మీద జనం వచ్చారు. బాపు తోటకు పోకుండా, ఇస్త్రీ చొక్కా వేసుకుని అంజయ్య పటేలు పక్కన నిలబడ్డాడు. చెరో సెట్టు గెలిచాము. మూడో సెట్టులో పదమూడు–పదమూడు. సర్వీసు మాది. వాళ్ల ఎడమచేతి కుర్రాడు ఎగిరి కొట్టాడు, నేను రెండు చేతులూ లేపి అడ్డుపడ్డాను. బంతి నా మీదుగా పోయి వెనక గీత అవతల పడింది. అది నాకు తగలకుండా పోతే పాయింటు మాది. తగిలి పోతే సర్వీసు వాళ్లది. అంపైరు మా వైపు చెయ్యి చూపించాడు. పద్నాలుగు–పదమూడు. ఇంకొక్క పాయింటు వస్తే కప్పు మాదే. మా ట్రాక్టర్ల జనం గ్రౌండులోకి ఉరికి వచ్చినంత పనిచేశారు.

బంతి నాకు తగిలింది. కుడిచేతి మధ్యవేలు చివర రాసుకుంటూ పోయింది, గోరు ఒక పక్క లేచింది. నాకు తెలుసు. చెయ్యెత్తడానికి ఎంత సేపు పడుతుంది? ఆ కాసేపటిలో గీత అవతల ఇస్త్రీ చొక్కాలో ఎగురుతున్న మా బాపు కనిపించాడు. నా చెయ్యి లేవలేదు. వేలు ఒక్కసారి చూసుకుని పిడికిలి మూసేశాను. ఆ చూసుకోవడాన్ని సారు చూశారు. ఆయన లేచి అంపైరుకు సైగ చేసి, నన్ను బయటికి పిలిచి, నా బదులు తొమ్మిదో తరగతి డేవిడ్‌ను పంపారు. డేవిడ్ ఆ ఏడు ఒక్క మ్యాచ్ కూడా పూర్తిగా ఆడలేదు. భయంతో వాడి చేతులు కట్టెల్లా బిగుసుకుపోయాయి. మేడ్చల్ వాళ్లు ఏరి ఏరి వాడి మీదికే కొట్టారు. పద్నాలుగు–పదహారుతో ఓడిపోయాము.

సోమవారం సారు నన్ను ఆటసామాను గదిలోకి పిలిచారు. చుట్టిపెట్టిన నెట్ మీద కూర్చోబెట్టి, చెయ్యి చూపించమన్నారు. గోరు చుట్టూ నల్లబడి వాచింది. దూదితో టింక్చర్ అద్ది గుడ్డ కట్టారు. నేను ఏడ్చాను. ఆయన గుడ్డకు ముడి వేశారు. తర్వాత అన్నారు.

“నేను ఎవ్వలకు జెప్ప. అది నీది, నువ్వే జెప్పాలె. నేను జెప్తే చాడీ అయితది.”

“జెప్త సార్,” అన్నాను. నిజంగానే చెబుదామనుకున్నాను.

అప్పటికే హోటల్ దగ్గర పంచాయితీ మొదలైంది. ఒక్క పాయింటు దూరంలో ఉన్న మంచి ఆటగాణ్ని ఏ సారైనా తీస్తాడా? సారుకు మేడ్చల్‌లో చుట్టాలున్నారని ఒకరన్నారు. నాకు ఒంట్లో బాగాలేదేమో అని మరొకరంటే మిగతావాళ్లు ఆయన్ని మాట్లాడనివ్వలేదు. ఆఖరికి అంజయ్య పటేలు, డేవిడ్ వాళ్లదీ సారు వాళ్లదీ ఒకటే చర్చి కదా అన్నాడు. ఇక ఆ మాట అందరికీ సరిపోయింది. దాన్ని అందరికంటే గట్టిగా పట్టుకున్నవాడు మా బాపు. నా కొడుకు చేతిలోని కప్పు గుంజి వాళ్ల పిలగానికి ఇయ్యబోయిండు అని ఊరంతా చెప్పాడు. ఇంట్లో నా వేలికున్న గుడ్డ చూసి ఏమైందని అడిగితే, తలుపు సందులో పడిందని చెప్పాను. ఆ తర్వాత ఎట్లా నోరు విప్పను? ఒక్కొక్క రోజు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది.

బాపు, అంజయ్య పటేలు మరో పదిమందిని వెంటేసుకుని హెడ్‌మాస్టరు దగ్గరికి పోయారు. ఆ నెలలోనే జట్టును సారు చేతిలోంచి తీసి లెక్కల సారుకు అప్పగించారు. లెక్కల సారుకు విజిల్ ఊదడం బాగా వచ్చు. జయరాజు సారు పొద్దున ప్రేయరుకు పిల్లల్ని వరుసల్లో నిలబెట్టడం, డ్రిల్లు పీరియడు చూసుకోవడం, అంతవరకే మిగిలారు. సాయంత్రం మేము ఆడుతుంటే సైకిలు నడిపించుకుంటూ కోర్టు పక్కనుంచే పోయేవారు, ఆగేవారు కాదు. నన్ను చూస్తే మాత్రం తల ఊపేవారు. ఆయన నన్ను ఒక్క మాట అని ఉంటే నాకు ఎంతో తేలికగా ఉండేది. డేవిడ్ మళ్లీ కోర్టులో అడుగుపెట్టలేదు.

పదకొండేళ్లు గడిచాయి. అంగూరు తోటలు కొట్టేసి ప్లాట్లు చేశారు, బాపు ఒక వెంచర్ దగ్గర వాచ్‌మన్ అయ్యాడు. హోటల్ మాత్రం ఉంది, బెంచీ ఉంది, వాదన ఉంది. స్కూలు జట్టు ఎప్పుడు ఓడినా మాట తిరిగి తిరిగి ఆ ఫైనల్ దగ్గరికే వచ్చేది. ఒక సాయంత్రం నేను పని నుంచి వచ్చి బాపు పక్కన చాయ్ తాగుతున్నాను. అంజయ్య పటేలు ఎవరో కొత్తగా వచ్చినాయనకు నన్ను చూపించి, ఈ పిలగాని బతుకు జయరాజు సారు కరాబు చేసిండు, లేకుంటే స్టేట్‌కు ఆడేటోడు అన్నాడు. ఆ మాట నేను వంద సార్లు విన్నాను. ఆ రోజు ఎందుకో భరించలేకపోయాను. స్టేటు సంగతి దేవుడెరుగు, నేను స్టేట్‌కు ఆడేవాణ్నేమీ కాను. లేచి నిలబడి, బంతి నా వేలికి ముట్టింది, నేను చెయ్యెత్తలేదు, అందుకే సారు నన్ను తీసిండు, డేవిడ్‌ది ఏ తప్పూ లేదు అని మొత్తం చెప్పేశాను.

అంజయ్య పటేలు నవ్వాడు.

“నువ్వు మంచోనివిరా. సారు మీద ప్రేమతోని జెప్తున్నవ్. అంపైరు కండ్లతోని జూసి ఇచ్చిన పాయింటు అది.”

మిగతావాళ్లు కూడా అంతే. నా భుజం తట్టారు. గురువు మీద ఎంత భక్తి అని మెచ్చుకున్నారు. నిజం చెప్పినందుకు నాకు దొరికింది ఆ మెప్పు. సిగ్గుతో చచ్చిపోయాను. బాపు మాత్రం గ్లాసు బల్ల మీద పెట్టి ఇంటికి పోయాడు.

మర్నాడు పొద్దున నేను పనికి పోవడానికి అన్నం డబ్బా సర్దుకుంటుంటే బాపు వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. “ఏ వేలు?” అన్నాడు. చూపించాను. ఆ వేలును తన రెండు చేతుల్లోకి తీసుకుని, ఇప్పుడక్కడ ఏమీ లేకపోయినా, తిప్పి తిప్పి చూశాడు.

“తలుపు సందుల వడ్డదన్నవ్ గద,” అన్నాడు. నేను తల వంచుకున్నాను. అప్పుడు బాపు, సారు ఇప్పుడు ఎక్కడుంటున్నాడో కనుక్కోమన్నాడు.

సారు రిటైరై పేట్ బషీరాబాద్‌లో కూతురి ఇంటి పక్కనే ఉంటున్నారు. బండి మీద బాపును తీసుకుపోయాను. ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. మోకాళ్ల నొప్పుల గురించి, కొట్టేసిన తోటల గురించి, కొంపల్లి దగ్గర రోడ్డు దాటడం ఎంత కష్టమైందో దాని గురించి. ఆట ఊసే లేదు. లేచి వస్తుంటే గేటు దగ్గర బాపు ఆగాడు. “సారూ, నోటికి ఏదొస్తే అది అన్నం మేము,” అన్నాడు. సారు బాపు చెయ్యి పట్టుకుని, పిల్లగాని మీది ప్రేమ, పావురంతోనే గద అన్నారు. అంతే. బాపు కళ్లు తుడుచుకుంటూ బండి దగ్గరికి నడిచాడు.

నేను సారు దగ్గరే నిలబడి, హోటల్‌లో చెప్పిన సంగతి, ఎవరూ నమ్మని సంగతి చెప్పాను. ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వారు. పదకొండేళ్లకు చెబితే ఎట్లా నమ్ముతారన్నారు. మరేం చెయ్యాలి సార్ అని అడిగాను.

“ఏమున్నది, మళ్ల జెప్పు,” అన్నారు.

ఆ తర్వాత డేవిడ్‌ను వెతుక్కుంటూ వెళ్లి వాడికి కూడా చెప్పాను. ఆటో నడుపుతున్నాడు. అంతా విని, ఇప్పుడెందుకన్నా అవన్నీ అని మాట మార్చేశాడు. సారు పోయి చాలా ఏళ్లయింది. బాపు కూడా లేడు. అంజయ్య పటేలు చేతికర్ర పట్టుకుని ఇప్పటికీ బెంచీ మీదికి వస్తాడు, ఇప్పటికీ కొత్తవాళ్లకు నన్ను చూపించి అదే మాట చెబుతాడు. నేను ప్రతిసారీ కాదని చెబుతాను. ప్రతిసారీ ఆయన నవ్వి, మంచోనివిరా అంటాడు. మా ఊళ్లో ఇక ఎవరూ నమ్మరు, ఆ సంగతి నాకు అర్థమైపోయింది. మీరు మా ఊరివాళ్లు కారు, జయరాజు సారును ఎన్నడూ చూడలేదు, ఆ ఫైనల్‌లో మీకు గెలుపూ లేదు, ఓటమీ లేదు. అందుకే మీకు చెబుతున్నాను. ఆ బంతి నా వేలికి తగిలింది. సారు చేసింది సరైన పని.