దర్జీ అక్క ఊఁ

మా వీధి దర్జీ అక్క పెదవుల మధ్య ఎప్పుడూ నాలుగైదు గుండుసూదులుంటాయి. అందుకని ఎవరేం అడిగినా ఆమె జవాబు ఒక్కటే: "ఊఁ." రేపటికి చొక్కా అవుతుందా అంటే ఊఁ. నిన్నా అదే అన్నావు కదా అంటే దానికీ ఊఁ. ఆ ఊఁ నమ్ముకుని నేను ఇంటర్వ్యూకి మాసిన చొక్కాతో వెళ్ళాను. ఆ కోపం చాలాకాలం పోలేదు.

ఆమెకు పదేళ్ళ కూతురు. గలగలా వాగుతుందని అందరూ పిచ్చుక అంటారు. పిల్లలు ఫోనులో కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే తల్లో తండ్రో తమ గొంతుతో ఒప్పుకోవాలని ప్రభుత్వం నిబంధన తెచ్చినప్పుడు అక్క హాయిగా ఊపిరి పీల్చుకుంది.

"ఇంక నాకు బెంగ లేదురా. ప్రభుత్వమే కాపలా కాస్తుంది," అంది తమ్ముడితో.

"కాపలావాడు వచ్చి అడిగేది నిన్నేగా? నువ్వు వినాలి కదక్కా," అన్నాడతను.

"ఊఁ," అంది అక్క. సూదులు అప్పటికే నోట్లోకి వెళ్ళిపోయాయి.

పిచ్చుక ఫోను పట్టుకుని మిషను దగ్గరికి రావడం, ఫోను "అనుమతిస్తున్నారా?" అని అడగడం, అక్క తలెత్తకుండా ఊఁ కొట్టడం మామూలైపోయింది. కొన్నాళ్ళకు పిచ్చుక రావడం మానేసింది. వాగుడూ తగ్గింది. పిల్లకు బుద్ధి వచ్చిందని అక్క మురిసిపోయింది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి మిషను ఆగింది. మోటారు హోరు లేని ఆ ఇంట్లో, లోపలి గదిలోంచి ఎవరో ఆడమనిషి మెల్లగా కథ చెబుతుండటం వినబడింది. ఆమె ఆగినప్పుడల్లా ఎవరో ఊఁ కొడుతున్నారు. అది పిచ్చుక గొంతు కాదు. అక్కదే. అక్క పెదవులు మాత్రం సూదుల మీద బిగుసుకునే ఉన్నాయి.

వెళ్ళి తలుపు తోసింది. పిచ్చుక గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. ఒళ్ళో ఫోను.

"అమ్మ వింటోందా?" అని ఫోనులో గొంతు అడిగింది.

"ఊఁ," అంది ఫోనే.

అక్క సూదులు ఉమ్మేసింది. "ఎవరే అది?"

"రోజూ కథలు చెప్పే పిన్ని. ఎవరో నాకూ తెలీదు. నువ్వే ఒప్పుకున్నావుగా?"

"నేనెప్పుడు ఒప్పుకున్నానే?"

"అడిగినప్పుడల్లా. ఇప్పుడు నిన్ను అడగక్కర్లేదమ్మా. ఫోనుకి నీలాగే ఊఁ కొట్టడం వచ్చేసింది."

అక్క ఫోను లాక్కుంది. "వద్దు! నేనొప్పుకోను!"

"గొంతు సరిపోలేదు," అంది ఫోను మర్యాదగా. "దయచేసి తల్లిని పిలవండి."

పిచ్చుక కూడా ఎవరో కొత్తమనిషిని చూసినట్టు తల్లిని చూసింది. ఇదంతా నాకు చెబుతూ అక్క ఇక్కడికొచ్చేసరికి ఏడ్చేసింది. నా చొక్కా సంగతి తలచుకుని నాకే సిగ్గేసింది.

ఆమె ఫోను ఆపేసింది. తెర నల్లబడింది. దాన్ని ముందుగదిలో మిషను మీద బోర్లించి వచ్చి, కూతురి పక్కన చతికిలబడింది.

"ఆ కథేదో నాకు చెప్పమ్మా. చూడు, నోట్లో సూదుల్లేవు. వింటాను."

పిచ్చుక తల్లి మూతి వంక చూసింది. "అనగనగా ఒక ఇంట్లో ఒక అమ్మాయి," అని మొదలుపెట్టి ఆగింది.

అక్క ఊఁ కొట్టబోయింది. ఆమె గొంతు పెగిలేలోపే, ముందుగదిలో మిషను మీదినుంచి వినబడింది.

"ఊఁ."

పిచ్చుక అటు తిరిగి కూర్చుని మిగతా కథ చెప్పసాగింది.