గడ్డిపోచతో తీగను పరీక్షించిన మనిషి

పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంటుకు పాలు పోసే పెద్దాయన మొన్న మంగళవారం దవాఖానలో చనిపోయాడు. గుండెపోటు. ఆయన భార్య ఫోన్ చేసి చెప్పింది. "రెండు మూడు దినాలు పాలు రావు సార్" అంది.

ఆయనకు ఏడు బర్రెలు. రెండు అపార్ట్‌మెంట్ల మధ్య మిగిలిన స్థలంలో మేపేవాడు. అవి రోడ్డెక్కకుండా చుట్టూ రెండు వరసల కరెంటు తీగ. కరెంటు కంచెలకు మనుషులు బలైన వార్తలు విలేకరిగా చాలా రాశాను. అందుకే ఇది ప్రమాదం కాదా అని చూసిన మొదటిరోజే అడిగాను.

"లైన్ కరెంటయితె పానం తీస్తది సార్. ఇది బ్యాటరీ మిషన్‌ది. ఒక్కపారి కొడ్తది, ఇడుస్తది. బర్రె ఎనకకు జరగాలె గాని సావొద్దు."

రోజూ పాలు పితికే ముందు తీగ కింది గడ్డి కోసేవాడు. తడిగడ్డి తగిలితే కరెంటు భూమిలోకి పోతుందట. ఎండాకాలం నేల ఎండితే తీగ దెబ్బ తగ్గుతుందని, భూమిలో దిగేసిన ఎర్తు కడ్డీ దగ్గర బిందెడు నీళ్లు పోసేవాడు. చివరికి ఒక పచ్చి గడ్డిపోచను తీగకు ఆనించి, వేళ్లకు చిమచిమ తెలిసేదాకా మెల్లగా ముందుకు జరిపేవాడు.

"నా మాట తగల్దు సార్ ఈయనకు, గా తీగ దెబ్బనే తెలుస్తది" అని భార్య నవ్వేది.

ఒకరోజు నేను అడగకుండానే చెప్పాడు. చాలా ఏళ్ల క్రితం మిషన్ చెడిపోతే, ఒక్క దినమే కదా అని ఇంటి మీటరు నుంచి కంచెకు తీగ గుంజాడు. తెల్లారేసరికి చూడిబర్రె తీగ మీద చచ్చి పడి ఉంది. "గా జాగల మనిషుంటె?" అన్నాడు. పాల క్యాను అందుకుంటూ, "రాయుండ్రి సార్. నా పేరు మాత్రం వద్దు" అన్నాడు.

అప్పుడు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను, పేరు లేకుండానే.

ఆయన పోయిన మూడో రోజు అక్కడికి వెళ్లాను. బ్యాటరీకి చార్జింగు పెట్టాలని ఎవరికీ గుర్తు లేదు. మిషన్ ఆగిపోయింది. ఆయన తమ్ముడు తీగచుట్ట పట్టుకుని మీటరు దగ్గర నిలబడ్డాడు.

"బర్రెలు రోడ్డు మీదికి పోతయ్ వదినా. గీ ఒక్క దినం తగిలిస్త."

"ఒక్క దినమే అని మీ అన్న గూడ అన్నడు. అది కింద పెట్టు. బ్యాటరీ చార్జింగుకు పెట్టు పో. అందాక నేను కూసుంట."

ఆమె కంచె పక్కన కర్ర పట్టుకుని కూర్చుంది. ఆ కర్రతో పని పడలేదు. తీగలో కరెంటు లేదని బర్రెలకు తెలియదు. ఏడూ తీగకు మూరెడు దూరంలో ఆగి, రోజూ ఆయన గడ్డిపోచ పట్టుకుని నిలబడే మూల వైపు చూస్తున్నాయి.