యువరాజుగారి పందెం పడవ

నగర్తపేటలో ఒక ఇరుకు సందులో మా పనికొట్టం. పూజగదుల్లో పెట్టుకునే చిన్న రథాలు, మండపాలు టేకుతో చేసి అమ్ముతాం. మడకశిర వైపు నుంచి వచ్చి ఈ పని మొదలుపెట్టింది మా నాయిన. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి. నాకు యాభై రెండు. అయినా ఏ పనిలోనైనా చివరి చెయ్యి ఆయనదే. నేను చెక్కిన రథాన్ని తన ముందుకు లాక్కుని, పైనుంచి గుండు కట్టిన దారం వేలాడదీసి, శిఖరం వెంట్రుకవాసి ఒరిగినా తానే సరిచేస్తాడు. అదీ కొనేవాళ్ల కళ్లముందే. ముప్పై ఏళ్లుగా నాకు ఒళ్లు మండుతూనే ఉంది.

పోయిన వానాకాలంలో, నాయిన కంటి డాక్టరు దగ్గరకు వెళ్లిన రోజు, వర్తూరు నుంచి ఒక రిటైరైన పెద్దమనిషి వచ్చాడు. విక్టోరియా కాలంలో ఇంగ్లండు రాజకుటుంబానికి పడవపందేల పిచ్చి ఉండేదట. ఇప్పుడా పిచ్చి ఈయనకు పట్టుకుంది. పందేనికి రాణి కప్పు ఇచ్చేదట. ఆవిడ పెద్దకొడుకు, యువరాజు, పందేల కోసమే ఒక పెద్ద తెరచాపల పడవ కట్టించుకున్నాడట. జర్మనీ చక్రవర్తి అయిన మేనల్లుడు ఏటా ఆ పందేలకొచ్చి పోటీకి దిగి పెత్తనం చేస్తుంటే, విసుగెత్తి ఆ పడవ అమ్మేశాడట. దాని బొమ్మ చెయ్యమని పాత ఫొటో ఒకటి నా చేతిలో పెట్టాడు.

"రేసులో ఉండే బోటప్పా ఇది. గాలికి ఒక సైడుకి బాగా వాలుండల్ల. నిటారుగా నిలబెడితే రేసే లేదు, తెలిసిందా?" అన్నాడు.

ఆ యువరాజు సింహాసనం కోసం అరవైకి దగ్గరపడేదాకా కాచుకున్నాడని కూడా ఆయనే చెప్పాడు. నాకు జాలి కలగలేదు, కోపం వచ్చింది. రాజ్యం చేతికి రాకపోయినా, కావలసిన పడవ కట్టించుకునే వీలైనా ఉంది కదా ఆయనకు! నేను పట్టుకునే ఉలి కూడా నాయినదే. ఈ ఒక్క పనైనా మొదటి నుంచి చివరిదాకా నా చేత్తోనే పూర్తి కావాలని పంతం పట్టాను.

మూడు వారాలు చేశాను. లేచినప్పుడల్లా పైన గుడ్డ కప్పేవాణ్ణి.

"ఏం చేస్తాండావప్పా?" అని నాయిన ఒకసారి అడిగాడు.

"పడవ."

"ఎవరికి?"

"ఒకాయనకి." అంతే. అంతకుమించి నేను చెప్పలేదు.

ఇవ్వాల్సిన రోజు పొద్దున గాజుపెట్టె తేవడానికి చందాపుర వెళ్లాను. ట్రాఫిక్‌లో పడి తిరిగొచ్చేసరికి మూడు దాటింది. గుడ్డ మడతపెట్టి పక్కన ఉంది. యువరాజుగారి పడవ మా రథాల మాదిరి నిటారుగా నిలబడి ఉంది. నేను ఏటవాలుగా కోసిన పీఠాన్ని నాయిన చిత్రిక పట్టి చదును చేసేశాడు.

"పీఠం ఒంకరగా కోసినావు, చూసుకోలేదా? సరిచేసినాలే," అన్నాడు సంతోషంగా.

"అది వాలే ఉండల్ల నాయినా! కావాలనే కోసినా. ఒక్క పనన్నా నన్ను ముగించుకోనీవా నువ్వు?" అని అరిచాను. ఎదురంగడి వాళ్లు బయటికొచ్చి చూశారు.

నాయిన నా వైపు తిరిగాడు. "వాలల్లని నాకు చెప్పినావా?"

చెప్పలేదు. చెబితే ఎంత వాలాలో తానే తేలుస్తాడని, రంపం తానే అందుకుంటాడని చెప్పలేదు. ఆయన రంపం తీసి నా చేతిలో పెట్టాడు.

"నువ్వే కొయ్యి."

కోశాను. కోపంలో కొలత సరిగా చూసుకోలేదు. ఫొటోలో కంటే పడవ కాస్త ఎక్కువే వాలింది. నాకు తెలుస్తోంది. ఆయనకు తెలియకుండా ఎట్లా ఉంటుంది? ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అని పళ్లు బిగించి నిలబడ్డాను. ఏమీ అనలేదు. సాయంత్రం పెద్దమనిషి వచ్చి, "సూపర్‌గా ఉండాదప్పా" అని మురిసిపోయి పట్టుకెళ్లాడు. అప్పుడూ అనలేదు.

ఆ తర్వాత ఇన్ని రథాలు చేశాను. ఒక్కదాన్నీ నాయిన తన ముందుకు లాక్కోలేదు. ముప్పై ఏళ్లు నేను కోరుకున్నది ఇదే. అయినా ప్రతి రథం పూర్తయ్యాక కాసేపు ఆయన ముందు పెట్టి, ఏదో ఒకటి అంటాడేమోనని చూస్తున్నాను.