బావ పత్తిచేనులో ఆకుముడత

ఈ సంగతి మా చుట్టాల్లో తలా ఒక రకంగా చెబుతున్నారు కాబట్టి, అసలు జరిగింది నేనే రాసిపెట్టడం మంచిదనిపించింది. ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లు. ఇంటర్ తప్పి, బాన్సువాడ గ్రంథాలయంలో పంటల తెగుళ్ల పుస్తకాలన్నీ (ఉన్నవి నాలుగే) రెండేసిసార్లు చదివి, ఏ ఆకు కనిపించినా తిరగేసి చూసేవాణ్ని.

మద్నూర్ పక్కన అక్కావాళ్లకు రెండెకరాల పత్తి ఉండేది. ఒకరోజు బావ ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, ఆకులు ముడుచుకపోతున్నయ్. జర వచ్చి చూస్తవా?" ఒక రైతు నన్ను పిలవడం అదే మొదటిసారి. వెళ్లి ఒక ఆకు తిప్పి, అడుగున రెండు తెల్లదోమలు కనిపించగానే తేల్చేశాను. "వైరస్ బావా. దోమ మోసుకొస్తది. మందు లేదు. పక్క చేన్లకు పాకకముందే పీకెయ్యాలె." (ఆకు అడుగున ఈనెలు లావెక్కి ఉండాలని కూడా పుస్తకంలో ఉంది. ఆ పేజీ నాకు నోటికి వచ్చు. చూడటం మాత్రం మర్చిపోయాను.) బావ ఆ ఏడాది కష్టమంతా ఆ చేనులోనే ఉంది. "సదువుకున్నోనివి, నువ్వు చెప్తే గంతే ఇగ" అని మర్నాటికి కూలీలను మాట్లాడాడు. ధైర్యం చెప్పడానికి నేనే పది మొక్కలు పీకి చూపించాను.

అప్పుడే అక్క సద్ది తెచ్చింది. గట్టు మీద నిలబడి చేను ఆ కొస దాకా చూసి, "తమ్మీ, గా దోమలు సాలు పట్టుకొని నడుస్తయా ఏంది?" అంది. చూస్తే ముడతంతా గట్టు పక్క సాళ్లలోనే ఉంది. లోపలికి పోయినకొద్దీ తగ్గి, అవతలి సగం పచ్చగా ఉంది.

"మొన్న పురుగుమందు కొట్టుడు గీడికెల్లే షురూ చేస్తివి గదా?" అని బావను అడిగింది.

"అవ్, మొదటి పంపు గీడనే."

"అంతకుముందు పంపు ఎవలు తీస్కపోయిండ్రు?"

ఇద్దరూ నా వైపు చూశారు. వారం కింద ఆ మందుకొట్టే పంపు తెచ్చుకుని మా వరిలో కలుపుమందు కొట్టి, కడగకుండా తిరిగిచ్చింది నేనే. ఆ మందు వరిని ఏమీ చేయదు కానీ, పంపులో కాస్త మిగిలినా పత్తి ఆకును ముడిచేస్తుంది. (ఆ పేజీ కూడా నోటికి వచ్చు.)

"ముందుగాల కూలోల్లకు వద్దని ఫోన్ చెయ్," అంది అక్క బావతో, సద్ది విప్పుతూ. "గంతల నేను గీ వైరస్‌కు గింత అన్నం పెడ్త."

చేను మళ్లీ చిగురించింది. పది మొక్కల ఖాళీ మాత్రం పత్తి ఏరేదాకా అలాగే ఉంది. ఇప్పుడు ఎవరైనా ఫోన్‌లో ముడుచుకున్న ఆకు చూపిస్తే, ముందు పంపు ఎవరి దగ్గర ఉండిందని అడుగుతాను.

చేను పీకకుండా ఆపిన అక్కకు, ఆ తర్వాత కూడా (కడిగి చూపించాలన్న షరతు మీద) పంపు ఇచ్చిన బావకు, రావొద్దంటే తిట్టకుండా ఊరుకున్న కూలీల పెద్దవ్వకు, నాలుగు పుస్తకాలూ మళ్లీ మళ్లీ ఇచ్చిన గ్రంథాలయం సారుకు నా కృతజ్ఞతలు. ఆకు తిప్పి చూసిన ఆ ఇరవై రెండేళ్లవాడికి కూడా. అంత నమ్మకంగా నేను ఇంకే మాటా చెప్పలేకపోయాను.